కొత్త అక్వేరియంలో చేపలు ఎందుకు చనిపోతాయి? జీవామృతం తెలిసిన రైతుకు ఒక పాఠం



ఈసారి పంట గురించి కాదు, చేపల తొట్టి గురించి రాస్తున్నాను. మన వ్యవసాయానికి దీంతో ఏం పని అనుకోవద్దు. చివరిదాకా చదివితే మన మట్టిలో జరిగే పనే తొట్టిలోనూ జరుగుతుందని మీకే అర్థమవుతుంది. తొట్టిని తయారు చేసిన విధానం వీడియోలో చూపించినాను. కారణాలు, లెక్కలు ఇక్కడ రాస్తున్నాను.

జరిగింది ఇదీ

మాది ప్రొద్దుటూరు. మా పాప అడిగిందని రెండడుగుల అద్దాల తొట్టి, ఒక స్పాంజి ఫిల్టరు, నాలుగు గోల్డ్‌ఫిష్‌లు తెచ్చినాను. అమ్మినాయన "నీళ్ళు పోసి రెండు రోజులు నిలబెట్టి, తర్వాత చేపలు వదలండి" అన్నాడు. అట్లే చేసినాను. మూడో రోజుకు చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఆరో రోజుకు నాలుగూ పోయినాయి. నీళ్ళు మాత్రం తేటగానే ఉన్నాయి.

"నీళ్ళు బాగానే ఉండాయి గదా నాయనా, ఎందుకు చచ్చిపోయినాయి?" అని పాప అడిగింది. నా దగ్గర జవాబు లేదు. సూక్ష్మజీవులే రైతుకు నేస్తాలని పది మందికి చెప్పే నాకు, ఇంట్లో తొట్టిలో ఆ నేస్తాలు లేవన్న సంగతి తట్టలేదు.

తేట నీళ్ళలోనూ విషం ఉంటుంది

చేప మొప్పల నుండి అమ్మోనియా బయటికి వస్తుంది. తినకుండా మిగిలిన మేత, చేప రెట్ట కుళ్ళినా అమ్మోనియానే. దీనికి రంగు లేదు, కంటికి కనపడదు. చెరువులో, ఏట్లో అయితే దీన్ని తినే సూక్ష్మజీవులు రాళ్ళ మీద, ఇసుక మీద ముందే కాపురం ఉంటాయి. కొత్త తొట్టిలో అవి లేవు.

ఈ పని రెండు మెట్లలో జరుగుతుంది. మొదటి రకం సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి. నైట్రైటు కూడా విషమే. అది చేప రక్తంలో చేరితే రక్తం ఆక్సిజన్‌ను మోయలేదు. రెండో రకం సూక్ష్మజీవులు నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు కొంత ఉన్నా చేపకు ఇబ్బంది లేదు, మొక్కకు అయితే ఆహారం. ఈ సూక్ష్మజీవులను 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ వేరు చేసి చూపించినాడు. ఆయన వెతికింది మట్టిలోనే. మన పొలంలో పేడ కుళ్ళి మొక్కకు నైట్రేటుగా అందేది కూడా వీటి పుణ్యమే.

రెండు రోజులు ఎందుకు చాలవు?

మనం జీవామృతం 48 గంటల్లో తయారు చేస్తాం. అందుకే రెండు రోజులంటే నాకూ సరే అనిపించింది. పొరపాటు అక్కడే జరిగింది.

జీవామృతంలో బెల్లం, శనగపిండి తిని పెరిగే సూక్ష్మజీవుల్లో చాలావాటికి అనుకూలంగా ఉంటే అరగంటకు అటూ ఇటుగా రెట్టింపు కాగలవు. అమ్మోనియాను తినేవి అట్లా కాదు. అవి రెట్టింపు కావడానికి చాలా గంటలు, ఒక్కోసారి రోజు పైన పడుతుంది. వాటికి బెల్లం పనికిరాదు. అమ్మోనియా, ఆక్సిజన్, నీటిలో కరిగిన కార్బన్ కావాలి. అందుకే తొట్టి పండటానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది.

మరి ఆ రెండు రోజుల మాట అబద్ధమా? కాదు. మున్సిపాలిటీ నీళ్ళలోని క్లోరిన్ పోవడానికి అది సరిపోతుంది. క్లోరిన్ పోవడం వేరు, తొట్టి పండటం వేరు. పచ్చి పేడలో తడి ఆరినంత మాత్రాన ఎరువు కాదు గదా.

మన దిక్కు నీళ్ళ సంగతి

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల దిక్కు ఉన్నది సున్నపురాయి నేల. సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడ వెలిసింది అందుకే. మన కడప బండ కూడా సున్నపురాయే. ఆ నేలలోని నీళ్ళలో సున్నం ఎక్కువ, పీహెచ్ కూడా 7 దాటి ఉంటుంది. దీంతో ఒక మేలు, ఒక కీడు.

మేలు ఏమంటే, అమ్మోనియాను మార్చే సూక్ష్మజీవులు పని చేసేటప్పుడు నీటిలోని క్షారాన్ని వాడుకుంటాయి. మన నీళ్ళలో అది తొందరగా అయిపోదు.

కీడు ఏమంటే, అమ్మోనియాలో చేపను చంపే భాగం పీహెచ్‌తో పాటు పెరుగుతుంది. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉంటే ఆ భాగం నూటికి అర పాలు పైచిలుకు. పీహెచ్ 8 అయితే నూటికి 5 పాళ్ళు దాటుతుంది. అంటే దాదాపు పది రెట్లు. ఎండాకాలం వేడికి ఇంకా పెరుగుతుంది. వేరే ఊర్లో బతికిన చేప మన నీళ్ళలో అదే అమ్మోనియాకు చచ్చిపోవచ్చు.

జమ్మలమడుగులో మా బంధువు ఒకాయన అందానికని తొట్టి నిండా కడప బండ ముక్కలు పేర్చినాడు. వేసే ముందు రాయిని గీకి నిమ్మరసం చుక్క వేసి చూడండి. బుడగలు వస్తే అది సున్నపురాయి, పీహెచ్ తగ్గనీయదు. బాగా కడిగిన పెన్నా ఇసుక, గులకరాళ్ళు వాడుకున్నా ఇదే పరీక్ష చేయండి.

రెండోసారి నేను చేసిన పద్ధతి

1. తొట్టిలో 50 లీటర్ల నీళ్ళు పోసి, గాలి పంపు పెట్టి రెండు రోజులు ఉంచినాను. క్లోరిన్ పోయింది.

2. చేపలు లేకుండానే రోజూ చిటికెడు చేపల మేత వేసినాను. అది కుళ్ళి అమ్మోనియా వస్తుంది. ఫిల్టరు రాత్రింబగళ్ళు నడవాల్సిందే.

3. చుక్కల మందు పరీక్ష కిట్టుతో రెండు రోజులకోసారి అమ్మోనియా, నైట్రైటు చూసినాను. కొలతలు క్యాలెండరు మీద రాసేది మా పాప పని.

4. తొమ్మిదో రోజుకు అమ్మోనియా లీటరుకు 2 మిల్లీగ్రాములు. పదహారో రోజుకు నైట్రైటు కనపడింది. ఇరవై నాలుగో రోజుకు అమ్మోనియా సున్నా, నైట్రైటు మాత్రం బాగా ఎక్కువ. చాలామంది ఇక్కడే తొందరపడి చేపలు వదులుతారు. వదలొద్దు. ముప్పై ఐదో రోజుకు నైట్రైటు కూడా సున్నా అయింది.

5. చేపలకు రోజూ ఎంత మేత వేస్తామో అంతే వేస్తూ మూడు రోజులు చూసినాను. రెండూ సున్నాలోనే నిలబడినాయి. అప్పుడు సగం నీళ్ళు మార్చి, మూడు చేపలే వదిలినాను. మిగతావి రెండు వారాల తర్వాత.

ఈసారి గోల్డ్‌ఫిష్ తేలేదు, అవి రెట్ట ఎక్కువ వేస్తాయి. సున్నపు నీళ్ళను తట్టుకునే మోలీ, గప్పీ చేపలు తెచ్చినాను.

తొందరగా పండాలంటే

జీవామృతంలో గట్టు మన్ను పిడికెడు ఎందుకు వేస్తాం? విత్తనంగా. తొట్టికీ అట్లాంటి విత్తనం ఉంది. ఏడాదిగా చేపలు ఆరోగ్యంగా ఉన్న తొట్టిలోని ఫిల్టరు స్పాంజి అది. పులివెందులలో ఒక మిత్రునికి తొట్టి పెట్టించినప్పుడు మా తొట్టి స్పాంజి ముక్క తీసుకుపోయినాను. ఆ తొట్టి నీళ్ళలోనే ముంచి, డబ్బాలో సగం గాలి వదిలి బస్సులో పోయినాను. ఎండినా, కుళాయి నీళ్ళలో కడిగినా విత్తనం చచ్చిపోతుంది. ఆయన తొట్టి రెండు వారాల్లో పండింది. జబ్బు చేపలున్న తొట్టి నుండి మాత్రం తెచ్చుకోవద్దు.

మన రైతులు అడిగే ప్రశ్నలు

*తొట్టిలో జీవామృతం పోయొచ్చా?* వద్దు. బెల్లం తినే సూక్ష్మజీవులు ఒక్కసారిగా పెరిగి నీటిలోని ఆక్సిజన్ అంతా వాడేస్తాయి. నీళ్ళు పాల మాదిరి అవుతాయి. ఆవు మూత్రం కూడా వద్దు, అమ్మోనియా అదుపు తప్పుతుంది.

*కరెంటు పోతే?* మూసిన ఫిల్టరులో కొన్ని గంటలకే ఆక్సిజన్ అయిపోయి సూక్ష్మజీవులు చావడం మొదలవుతుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఉంచుకోండి.

*ఫిల్టరు ఎట్లా కడగాలి?* తొట్టి నుండి తీసిన నీళ్ళలోనే పిండండి. తళతళలాడేలా కడిగితే కాపురం మొత్తం పోయి, మళ్ళీ మొదటికి వస్తుంది.

*మార్చిన నీళ్ళు పంటకు ఎరువు అవుతాయా?* కరివేపాకు, పుదీనా కుండీలకు పోయండి, మంచిదే. కానీ లీటరుకు 40 మిల్లీగ్రాముల నైట్రేటు ఉన్నా, 20 లీటర్లలో ఉండేది ఒక గ్రాము కంటే తక్కువే. చీనీ తోటకు ఇదే ఎరువు అనుకోవద్దు.

*కొత్త సిమెంటు తొట్టిలో, ఫారం పాండులో చేపలు వేయొచ్చా?* ఇదే సూత్రం. కొత్త సిమెంటులోని సున్నం దిగేదాకా నీళ్ళు నింపి తీసి, పీహెచ్ చూసుకుని, నీళ్ళు పండినాకే పిల్లలను వదలండి. తొట్టిలో నాకు పోయింది నాలుగు చేపలే. పాండులో అయితే వేలు పోతాయి.

మొన్న మా పాప స్నేహితురాలు కొత్త తొట్టి కొన్నదట. "చేపలు ఇప్పుడే తేవొద్దు, మొదట వాటికి ఇల్లు కట్టేవాళ్ళను పిలవాల" అని చెప్పి వచ్చింది. నాలుగు చేపలు పోయినాక మా ఇంట్లో నేర్చుకున్న పాఠం అదే. మీ ఇంట్లో చేపలు పోకముందే నేర్చుకోండి.

పరీక్ష కిట్టులో రంగులు ఎట్లా చూడాలో వీడియోలో నిదానంగా చూపించినాను, తప్పకుండా చూడండి. ఉంటాను.