గుడారం మేకుకు ఏ సుత్తె మంచిది?

ఈ గోడపత్రికలో నేను సుత్తె గురించి రాస్తున్నాను. సుత్తె గురించి రాయడానికి ఏముంది అని మీరు నవ్వవచ్చు. నేను కూడా మొదట అట్లనే అనుకున్నాను. కానీ సుత్తె బరువు సంగతి తెలియక మా ఇంటోళ్లం ఒక రాత్రంతా తిప్పలు పడ్డాము. అందుకే రాస్తున్నాను.

జాతరలో జరిగినది

2024 ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర జరిగింది. రెండేళ్లకు ఒకసారి మాఘమాసంలో వచ్చే ఈ జాతర మనందరికీ తెలిసినదే. మేడారం ఇదివరకు మన వరంగల్ జిల్లాలోనే ఉండేది, 2019 నుంచి ములుగు జిల్లాలో ఉంది. జాతరకు వచ్చినవాళ్లు జంపన్న వాగు ఒడ్డున, చుట్టుపక్కల వరి కోసిన పొలాల్లో గుడారాలు వేసుకుంటారు. మేము కూడా ఒక మడిలో నాలుగు కర్రలు నాటి, టార్పాలిన్ పట్టా కప్పి, తాళ్లు కట్టి, ఇనుప మేకులు దిగ్గొట్టినము. కొట్టింది మా నాయిన. ఇంటి నుంచి సమ్మెట తెచ్చిండు. నాలుగు దెబ్బల్లో మేకు దిగింది. అందరం సంబరపడ్డాము.

గురువారం రాత్రి సమ్మక్క తల్లి చిలకలగుట్ట నుంచి గద్దెకు వచ్చే వేళ మగవాళ్లందరూ ఎదురుపోయిండ్రు. గుడారంలో అమ్మ, నాయినమ్మ, నేను, మా తమ్ముడు ఉన్నాము. గాలి లేచింది. రెండు మేకులు ఊడి పట్టా పొయ్యి మీదికి కొట్టుకుంటున్నది. అమ్మ ఒక చేత్తో మేకు పట్టుకొని ఇంకో చేత్తో సమ్మెట ఎత్తబోయింది, లేవలేదు. రెండు చేతులతో ఎత్తి కొడితే గురి తప్పి కాలి పక్కనే పడ్డది. తర్వాత గొడ్డలి వెనక వైపుతో కొట్టింది. గొడ్డలి కామలో ఊగుతున్నదని నాయినమ్మ చూసి ఆపింది. చివరికి రాయితో కొడితే అమ్మ బొటనవేలు గోరు నల్లబడింది. నాయిన వాళ్లు వచ్చే దాకా నేను, నాయినమ్మ తాళ్లు చేత పట్టుకొని కూర్చున్నాము.

సమ్మెట ఉండి కూడా మాకు లేనట్టే అయింది. ఎందుకంటే అది ఎత్తగలిగిన మనిషి అక్కడ లేడు.

బరువు ఎక్కువైతే దెబ్బ ఎక్కువా?

తొమ్మిదో తరగతి పాఠంలో గతిశక్తి సూత్రం చదివినము. ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి అందులో సగం తీసుకోవాలి. అరకిలో సుత్తెను సెకనుకు 6 మీటర్ల వేగంతో కొట్టినామనుకుందాం. దాని గతిశక్తి 9 జౌళ్లు. కిలో సుత్తె బరువని సెకనుకు 4 మీటర్ల వేగంతోనే కొట్టినామనుకుందాం. అది 8 జౌళ్లే. చూసినారా, బరువు రెండింతలైనా శక్తి తగ్గింది. వేగానికి వర్గం ఉన్నది, బరువుకు లేదు. కాబట్టి మన చెయ్యి వేగంగా తిప్పగలిగిన సుత్తే మనకు బలమైన సుత్తె.

అట్లయితే ఇంకా తేలికది, నూట యాభై గ్రాములది తీసుకుంటే పోదా? పోదు. సుత్తె తగిలినంక సుత్తె, మేకు కలిసి కదులుతాయి అనుకుంటే, ద్రవ్యవేగ నిత్యత్వ నియమంతో లెక్క కట్టవచ్చు. మేకు బరువు 150 గ్రాములు అనుకోండి.

సుత్తె 150 గ్రాములైతే శక్తిలో సగమే, అంటే నూటికి 50 వంతులే, భూమిలోకి దిగడానికి మిగులుతుంది.
సుత్తె 500 గ్రాములైతే నూటికి 77 వంతులు.
సుత్తె 1 కిలో అయితే నూటికి 87 వంతులు.

150 నుంచి 500కు పోతే లాభం 27 వంతులు. 500 నుంచి కిలోకు పోతే లాభం 10 వంతులే, కానీ చేతికి బరువు రెండింతలు. అందుకని చిన్న గుడారం మేకులకు అరకిలో అటూ ఇటూ సుత్తె సరిపోతుంది.

ఎత్తే కష్టం కూడా లెక్కే. ఎనిమిది మేకులు ఉన్నాయి, రెండు కిలోల సమ్మెటతో ఒక్కో మేకుకు 15 దెబ్బలు, మీటరు ఎత్తు లేపాలి అనుకుందాం. మొత్తం 120 దెబ్బలు, దగ్గర దగ్గర 2400 జౌళ్ల పని. అరకిలో సుత్తెతో ఒక్కో మేకుకు 20 దెబ్బలు పడ్డా 160 దెబ్బలకు 800 జౌళ్లే. దెబ్బలు ఎక్కువ, అలసట తక్కువ. ఈ లెక్క అమ్మకు చెప్తే, "లెక్క నాకు తెల్వది బిడ్డా, నా చెయ్యికి మాత్రం అప్పుడే తెలిసింది" అన్నది.

ఏ రకం సుత్తె?

1. ఇనుప సుత్తె: ఇనుప మేకులకు మంచిది. వెనక రెండు కొమ్ములు ఉన్నది తీసుకుంటే పొద్దున మేకులు పీకడానికి కూడా పనికొస్తుంది.
2. చెక్క సుత్తె: వెదురు, కొయ్య మేకులకు ఇదే మంచిది. ఇనుముతో కొడితే కొయ్య మేకు తల చీలిపోతుంది. తుమ్మ కట్టె గట్టిది, ఎండిన కొమ్మతో ఇంట్లోనే చేసుకోవచ్చు. దీని కోసం పచ్చి చెట్టు నరకవద్దు.
3. రబ్బరు సుత్తె: ప్లాస్టిక్ మేకులకు పనికొస్తుంది. గట్టి నేలలో ఎగిరి వెనక్కి వస్తుంది.
4. గొడ్డలి వెనక వైపు: వద్దు. కామ దూరే కన్ను సాగి తల వదులవుతుంది. పైగా పదును మన ముఖం వైపే ఉంటుంది.

కొనేటప్పుడు తల పట్టుకొని కామ ఊపి చూడాలి. కదిలితే తీసుకోవద్దు. ఇంటి దగ్గర వదులైన కామను నీళ్లలో నానబెడతారు. కట్టె ఉబ్బి బిగుస్తుంది, కానీ ఎండినంక మళ్లీ వదులవుతుంది. మా గొడ్డలి సంగతి అదే. చీల కొట్టి బిగించడమే సరైన పద్ధతి.

కొట్టే పద్ధతి

మేకు తల గుడారానికి దూరంగా వాలి ఉండాలి. అప్పుడు తాడు లాగినా మేకు పైకి రాదు. మొదట రెండు మూడు మెల్లగా తట్టి నిలబెట్టి, తర్వాత చెయ్యి తీసి కొట్టాలి. కామ చివర పట్టుకుంటే వేగం వస్తుంది. ఎదురుగా చిన్నపిల్లలు ఉండకూడదు. వాగు ఇసుకలో ఏ సుత్తెతో కొట్టినా మేకు నిలవదు. అక్కడ సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, గుంతలో పాతాలి. రాత్రి ఎవరూ తట్టుకొని పడకుండా తాళ్లకు తెల్ల గుడ్డ పేలికలు కట్టాలి.

ఇది ఆడవాళ్ల పని కాదా?

సుత్తె పని మగవాళ్లదని మనలో చాలామంది అంటారు. అరబ్బు ఎడారుల్లో తిరిగే బెదూయిన్లలో గుడారం నేయడం, వేయడం, విప్పడం ఆడవాళ్ల పనిగానే ఉండేది. ఆడపిల్లల కోసం గైడ్స్ ఉద్యమం 1910లోనే మొదలైంది. గుడారం వేయడం వాళ్ల పాఠాల్లో ఒకటి. అంటే చేతకాక కాదు, చేతికి తగిన పనిముట్టు లేకనే మనం వెనక ఉంటున్నాము.

ముగింపు

నేను నేర్చుకున్నది ఒకటే. సుత్తె కొనేటప్పుడు, ఇంట్లో బలమైన మనిషి ఎంత ఎత్తగలడు అని చూడవద్దు. అర్ధరాత్రి మేకు ఊడితే గుడారంలో ఉండేది ఎవరు, వాళ్ల చెయ్యి ఎంత తిప్పగలదు అని చూడాలి. మా నాయినకు ఈ మాట చెప్పిన. ఆయన ఏమీ అనలేదు కానీ తర్వాతి వారం సంతకు పోయి అరకిలో సుత్తె ఒకటి తెచ్చి అమ్మ చేతికిచ్చిండు.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. మన హాస్టల్ సామాను గదిలో ఉన్నది పెద్ద సమ్మెట ఒక్కటే. ఈసారి క్యాంపుకు పోయే ముందు ఒక చిన్న సుత్తె కొనిపించగలరు. ఆరో తరగతి చెల్లెళ్లకు కూడా మేకు కొట్టడం మేమే నేర్పిస్తాము.

మీకు ఒక ప్రశ్న: 400 గ్రాముల సుత్తె, 100 గ్రాముల మేకు అయితే నూటికి ఎన్ని వంతుల శక్తి మిగులుతుంది? జవాబు చీటీ మీద రాసి ఈ పత్రిక కింద గుచ్చండి.

తప్పులుంటే టీచర్లు దిద్దగలరు.

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని