అది బద్ధకం కాదమ్మా

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. నాలుగు నెలల క్రితం ఉన్నట్టుండి మాట తగ్గి అయోమయంగా ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎమ్మారై తీసి, ఎడమవైపు కాడేట్ న్యూక్లియస్‌లో చిన్న స్ట్రోక్ అన్నారు. కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి. కానీ పొద్దున కుర్చీలో కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవరు. రోజూ పేపర్ మొత్తం చదివే మనిషి, ఇప్పుడు పక్కనే పెట్టినా ముట్టుకోరు. స్నానం చేయమంటే చేస్తారు, చెప్పకపోతే లేదు. చేయగలిగి కూడా కావాలనే చేయడం లేదని అమ్మ బాధ, అన్నయ్య కోపం. ఇది బద్ధకమా, దిగులా, జబ్బా?
- ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: జబ్బేనమ్మా. కాడేట్ న్యూక్లియస్ మెదడు లోతుల్లో, ద్రవం నిండిన గదుల గోడను ఆనుకుని రెండు పక్కలా ఉంటుంది. ముందువైపు లావుపాటి తల, వెనక్కి పోయేకొద్దీ సన్నబడి వంపు తిరిగే తోక. పక్కనున్న పుటామెన్‌కు ఎక్కువగా కదలికలను నడిపే భాగాలతో సంబంధం. కాడేట్ తలకు మాత్రం నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌తో సంబంధం. ఏ పని ముందు, ఏది తర్వాత, దాని వల్ల దక్కేదేమిటి అని బేరీజు వేసేది ఆ కార్టెక్సే. అక్కడి సంకేతాలు కాడేట్‌కు వచ్చి, మెదడు లోపలి భాగాలైన గ్లోబస్ పాలిడస్, థలామస్‌ల మీదుగా తిరిగి అక్కడికే చేరతాయి. కదలికలకో వలయం, ఆలోచనకో వలయం, ప్రేరణకో వలయం ఇలా విడివిడిగా ఉంటాయని 1986లో పరిశోధకులు అలెగ్జాండర్, డిలాంగ్, స్ట్రిక్ వివరించారు. కదలికల వలయం చాలావరకు మిగిలి, మిగతా వాటికి దెబ్బ తగిలితే మనిషి నడవగలడు, కానీ నడవాలని తనంతట తాను లేవడు. దీన్ని వైద్యులు అబూలియా అంటారు.

దీనికి గట్టి ఆధారాలున్నాయి. కాడేట్, పుటామెన్, గ్లోబస్ పాలిడస్ ఉండే బేసల్ గాంగ్లియా దెబ్బతిన్న 240 మంది కేసులను పరిశోధకులు భాటియా, మార్స్‌డెన్ 1994లో ఒకచోట చేర్చి చూశారు. గాయం కాడేట్‌కే పరిమితమైన వాళ్లలో కదలికల లోపాలు తక్కువ, అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది అబూలియానే. హంటింగ్టన్ జబ్బులోనూ ఇదే తీరు. వంశపారంపర్యంగా వచ్చే ఆ జబ్బులో కాడేట్ కుంచించుకుపోతుంది. స్కాన్‌లో గది గోడ మీద ఉబ్బెత్తుగా కనిపించాల్సిన కాడేట్ తల చదునైపోతుంది. ఒళ్లు తనంతట తాను మెలికలు తిరగడం మొదలవడానికి ఏళ్ల ముందే చాలామందిలో చిరాకు, నిర్లిప్తత, పనులు వరసగా చేసుకోలేకపోవడం బయటపడతాయి. కారణం వేరు, జబ్బు వేరు. అయినా రెండుచోట్లా దెబ్బ పడుతున్నది చొరవ మీదే.

'చెబితే చేస్తున్నారుగా, అంటే చేతనవుతుందనేగా' అని మీ అన్నయ్య అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. బండి సెల్ఫ్ పోయినా కిక్ కొడితే స్టార్టవుతుంది, ఇంజన్ బాగున్నట్టే. లోపలి నుంచి మొదలయ్యే పనికీ, బయటి నుంచి పిలుపు అందాక జరిగే పనికీ మెదడులో దారులు పూర్తిగా ఒకటి కావు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో కొందరికి నడుస్తూండగా అడుగు పడదు. అదే నేల మీద అడ్డగీతలు గీస్తే వాటిని దాటుకుంటూ నడిచేస్తారు. కాబట్టి చెప్పగానే చేయడం మొండితనానికి సాక్ష్యం కాదు, లోపం ఎక్కడుందో చూపించే గుర్తు.

డిప్రెషన్ కాదా అంటే, కాదని ఉత్తరం చూసి తేల్చలేం. స్ట్రోక్ తర్వాత అదీ తరచుగా వస్తుంది, రెండూ కలిసీ ఉండవచ్చు. కన్నీళ్లు, తాను భారమన్న మాటలు, నిద్ర చెడటం, చావు ఊసు ఉంటే డిప్రెషన్ అనుమానించాలి. అబూలియాలో బాధే పెద్దగా కనబడదు. మందులు వేరవుతాయి గనుక న్యూరాలజిస్ట్‌తో పాటు సైకియాట్రిస్ట్‌కూ చూపించండి. మత్తు కలిగించే మాత్రలేమైనా వాడుతున్నారేమో కూడా అడగండి.

మెదడు జబ్బంటే ఇక చేసేదేమీ లేదని నిరాశ పడొద్దు. చేసిన పనినే మళ్లీ మళ్లీ చేయించే ఓసీడీ ఉన్న రోగులను 1992లో బాక్స్‌టర్ బృందం పరీక్షించింది. ఫ్లూయాక్సెటిన్‌తో నయమైన వాళ్లలోనూ, మందుల్లేకుండా బిహేవియర్ థెరపీతో నయమైన వాళ్లలోనూ కుడి కాడేట్ తలలో గ్లూకోజ్ వాడకం తగ్గింది. అంటే మాత్రే కాదు, సాధన కూడా అంత లోతుకు చేరుతుంది. స్ట్రోక్ గాయం, ఓసీడీ ఒకటి కావు, అందరూ పూర్తిగా కోలుకుంటారనీ చెప్పలేను. కానీ చాలామంది నెలల మీద మెరుగవుతారు.

ఇంట్లో చేయాల్సింది ఇది. 'ఏం చేస్తారు?' అని అడగొద్దు, 'పదండి, నడుద్దాం' అని లేవదీయండి. పేపర్ పక్కన పెట్టడం చాలదు, పేజీ తీసి చేతికిచ్చి మొదటి హెడ్డింగ్ పైకి చదవమనండి. స్నానానికీ, నడకకీ రోజూ ఒకే టైము, ఒకసారికి ఒకే పని. అన్నిటికన్నా ముఖ్యం, తనంతట తాను మొదలుపెట్టలేని మనిషి దాహమనీ, ఛాతీలో నొప్పనీ కూడా చెప్పకపోవచ్చు. కాబట్టి నీళ్లు, బీపీ షుగర్ మాత్రలు మీరే వేళకు అందించండి, నొప్పి ఉందేమో మీరే అడగండి. మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి పట్టు తప్పినా క్షణం ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు గడువు సాధారణంగా నాలుగున్నర గంటలే.