నీడ అంచు దగ్గర మొదలు



కట్టబోయే ఇంటిని ముందుగానే కళ్లకు కట్టించే విద్యను ఆర్కిటెక్చరల్ విజువలైజేషన్ అంటున్నారు. గోడలు, కిటికీలు, మెట్లు కొలతల ప్రకారం కంప్యూటర్‌లో నిలబెట్టి, వాటిపై వెలుగు ఎలా పడుతుందో లెక్కకట్టించి చిత్రంగా మార్చే పనికి రెండరింగ్ అని పేరు. ఈ విద్యలోకి కొత్తగా వచ్చినవారు ఏ మీట నొక్కితే ఏమి వస్తుందో కంఠస్థం చేయడంతోనే తొలి ఏడాది గడిపేస్తారు. సాఫ్ట్‌వేర్ మీటలు ఎప్పటికప్పుడు మారిపోతుంటాయి గానీ వెలుగు స్వభావం మారదు కనుక, నీడను పరిశీలించే చూపునే ముందుగా అలవరచుకోవాలి.

కంప్యూటర్ లేని కాలంలోనూ ఈ చూపే చిత్రకారులను నడిపింది. ఎత్తైన భవనాలు పైకి పోయేకొద్దీ వీధికి దూరంగా వెనక్కి జరగాలని న్యూయార్క్ నగరం 1916లో నిబంధన తెచ్చినప్పుడు, ఆ నిబంధన ఎలాంటి ఆకారాన్ని అనుమతిస్తుందో చిత్రకారుడు హ్యూ ఫెర్రిస్ 1922లో నాలుగు దశల చిత్రాలుగా గీసి చూపించాడు. ఆ బొగ్గు చిత్రాల్లో కిటికీలు, నగిషీలు దాదాపు కనిపించవు, వెలుగునీడల మధ్య నిలిచిన భవనపు ముద్దే కనిపిస్తుంది. అయినా ఆ కట్టడం ఎంత బరువైనదో చూసినవారికి తెలిసిపోతుంది. నేటి రెండరింగులు అనేకం వస్తువులతో కిక్కిరిసి ఉండి కూడా ఈ బరువును చూపలేకపోతున్నాయి.

ఒక బిందువు నుంచి కంటికి చేరే వెలుగు, ఆ బిందువు స్వయంగా వెలువరించినదీ, అన్ని దిక్కుల నుంచి దానిపై పడి కంటివైపు మళ్లినదీ కలిసిన మొత్తమని 1986లో కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకుడు జేమ్స్ కజియా సమీకరణంగా రాశాడు. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లోని సైకిల్స్ వంటి రెండరింగ్ యంత్రాలు కాంతి మార్గాలను యాదృచ్ఛికంగా ఎంచుకొని ఈ మొత్తాన్ని అంచనా వేస్తాయి. ఎంచిన మార్గాలు చాలనప్పుడు చిత్రంపై ఇసుక చల్లినట్టు కనిపించే మచ్చలనే నాయిస్ అంటారు. ఆ నాయిస్ సగానికి తగ్గాలంటే మార్గాలు నాలుగింతలు కావాలి.

సూర్యుడు ఆకాశంలో చుక్క కాదు, సుమారు అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందువల్ల నీడ పడే చోటు వస్తువుకు మీటరు దూరమైతే నీడ అంచు సుమారు 9 మిల్లీమీటర్ల మేర, మూడు మీటర్లయితే దాదాపు మూడు సెంటీమీటర్ల మేర మెత్తబడుతుంది. స్తంభం మొదట్లో తీర్చినట్టున్న నీడ, కొసకు వచ్చేసరికి పలచబడి కరిగిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో సూర్యుడి పరిమాణాన్ని సున్నాగా వదిలేస్తే నీడలన్నీ బ్లేడుతో కోసినట్టు వచ్చి, ఎంత ఖరీదైన భవనమైనా అట్టబొమ్మలా కనిపిస్తుంది. గోడల రంగులోనూ ఇలాంటి పొరపాటే జరుగుతుంది: తెల్ల సున్నం వేసిన గోడ సైతం తనపై పడిన వెలుగులో ఇంచుమించు ఐదింట నాలుగు వంతులే తిప్పి పంపుతుంది, దానికి నూరుశాతం తెలుపు ఇస్తే గది మూలల్లో ఉండవలసిన మసక అంతా కొట్టుకుపోతుంది. పాలిష్ పెట్టిన కడప రాయి నేల పాదాల దగ్గర నల్లగానే ఉండి, దూరపు కొసన కిటికీని అద్దంలా చూపడానికి, చూపు ఏటవాలయ్యేకొద్దీ ప్రతిఫలనం పెరగడమే కారణం.

కెమెరాను మనిషి కంటి ఎత్తున, అంటే సుమారు మీటరున్నర దగ్గర ఉంచి, నిలువు గీతలను నిలువుగానే నిలిపితే మిగిలినది సాధనతో వస్తుంది.

ఆకాశపు వెలుగును నలువైపులా నమోదు చేసిన ఛాయాచిత్రాన్ని హెచ్‌డీఆర్‌ఐ అంటారు. సూర్యుడు కిందుగా ఉన్న ఐరోపా ఆకాశపు హెచ్‌డీఆర్‌ఐని తెచ్చి హైదరాబాదు ఇంటికి మధ్యాహ్నపు వెలుగుగా తొడగడం అలంకారం కాదు, అసత్యం. 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశాన ఉన్న ఆ నగరంలో డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు, జూన్ 21న నడినెత్తిని దాటి ఆరు డిగ్రీలు ఉత్తరానికి ఒరుగుతాడు. ఆ వేళ ఎండ తగిలేది ఉత్తరపు గోడకే. చిత్రాన్ని నమ్మి అప్పు చేసి ఇల్లు కట్టుకొనే కుటుంబానికి ఈ నిజాన్ని దాచే హక్కు చిత్రకారుడికి లేదు.

కనుక కొత్తగా నేర్చేవారి మొదటి అభ్యాసం సొంత ఇంట్లోని ఒక్క కిటికీతోనే జరగాలి: గదిని టేపుతో కొలిచి, నేలపై పడే ఎండమరక అంచును గంటగంటకూ సుద్దముక్కతో గీసి, అదే తేదీ, వేళ, అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి బ్లెండర్‌లో ఆ గదిని నిర్మించి, అక్కడ వచ్చిన ఎండమరక అంచునూ సుద్దగీతనూ పోల్చి చూడాలి. అవి కలవలేదంటే ఉత్తర దిక్కో, కిటికీ ఎత్తో, గోడ మందమో తప్పుపడినట్టే. అవి కలిసేవరకు ఆ గదిలో సోఫా గానీ, పూలకుండీ గానీ పెట్టవద్దు.