తొలకరి వచ్చింది – తాగే నీటితో జాగ్రత్త

జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె ప్రవేశిస్తుంది. గోదావరిఖని, రామగుండం చుట్టుపక్కల పల్లెల్లో పొలం పనులు మొదలవుతాయి. వాన నీటితో మురుగు కూడా బావుల్లోకి, పగిలిన నల్లా పైపుల్లోకి చేరుతుంది. అందుకే ఈ రోజుల్లో వాంతులు, విరేచనాలు ఎక్కువ. నీళ్ళు కాచి చల్లార్చి తాగండి. పొలానికీ అవే తీసుకెళ్ళండి.

విరేచనాలు పెరుగుతాయని కొందరు తల్లులు బిడ్డకు నీళ్ళు ఆపేస్తారు. అది చాలా ప్రమాదం. ఒంట్లో నీరు, లవణాలు తగ్గిపోవడమే బిడ్డ ప్రాణం తీస్తుంది. ఓ.ఆర్.ఎస్. పొడి దొరక్కపోతే ఇలా చేయండి:

కాచి చల్లార్చిన నీరు – 1 లీటరు
పంచదార – 6 చిన్న చెంచాలు
ఉప్పు – అర చిన్న చెంచా

చెంచాలు తలకొట్టి కొలవండి. ప్రతి విరేచనం తర్వాత కొంచెం కొంచెంగా తాగించండి. తల్లిపాలు ఆపవద్దు.

కళ్ళు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా, మలంలో రక్తం పడినా, బిడ్డ మగతగా ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి.