కోడు రాయకపోయినా ఓపెన్ సోర్స్‌లో మీకు పని ఉంది

2016 జూన్‌లో మొజిల్లా సంస్థ తన లోగో మార్చుకోబోతున్నట్టు ప్రకటించింది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తెలిసినంతమందికి దాని వెనక ఉన్న మొజిల్లా తెలియదన్నది వాళ్ల బెంగ. ఇలాంటి పని ఏ కంపెనీ అయినా గుట్టుగా చేసుకుంటుంది. పని పూర్తయ్యాకే తెర తీస్తుంది. మొజిల్లా అలా చేయలేదు. లండన్‌లోని జాన్సన్ బ్యాంక్స్ అనే డిజైన్ సంస్థకు పని అప్పగించి, మొదటి ఆలోచనల దగ్గర్నుంచి అన్నీ జనం ముందు పెట్టింది. ఆగస్టులో ఏడు నమూనాలు చూపించారు. ప్రశంసలు కొన్నే వచ్చాయి, తిట్లు చాలానే పడ్డాయి. ఏడు కాస్తా నాలుగయ్యాయి, 2017 జనవరికి ఒకటి నిలిచింది. మొజిల్లా ఇంగ్లిష్ స్పెల్లింగులో ‘ఐ, ఎల్, ఎల్’ అక్షరాలు తీసేసి, ఆ చోట వెబ్ చిరునామాల్లో మనం చూసే కోలన్, రెండు స్లాష్‌లు పెట్టారు. లోగో కోసం నెదర్లాండ్స్‌లోని టైపోథెక్ సంస్థ చేసిన ‘జిల్లా’ ఫాంటును కూడా ఎవరైనా వాడుకునేలా ఉచితంగా విడుదల చేశారు. ఎనిమిదేళ్లు తిరక్కముందే, 2024 డిసెంబరులో, మొజిల్లా మళ్లీ రూపం మార్చుకుంది. అది వేరే కథ.

డిజైన్, మార్కెటింగ్, రచన వైపు మొగ్గున్న విద్యార్థులకు ఈ కథ పనికొస్తుందనే ఇక్కడ చెబుతున్నాను. ఫైర్‌ఫాక్స్‌లా ఎవరైనా కోడు చూసి మార్చుకోగలిగే సాఫ్ట్‌వేరే ఓపెన్ సోర్స్. ఆ మాట అనగానే మన కాలేజీల్లో కోడింగే గుర్తొస్తుంది. కోడు రానివాళ్లు అది తమ లోకం కాదనుకుని దూరంగా ఉండిపోతారు. నిజానికి చాలా ప్రాజెక్టుల్లో కొరత కోడు రాసేవాళ్లది కాదు. ఈ సాఫ్ట్‌వేర్ దేనికి, ఎవరికి, ఎందుకు వాడాలి అని కొత్తవాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలిగే మనిషి ఉండడు. లోపల ఏళ్ల తరబడి నికార్సయిన ఇంజినీరింగ్ జరిగి ఉంటుంది. వెబ్‌సైట్ తెరిస్తే మాత్రం కిందటి విడుదలలో సరిచేసిన తప్పుల జాబితా, ఎప్పటివో స్క్రీన్‌షాట్లు, ఏది దించుకోవాలో తేల్చుకోలేని డౌన్‌లోడ్ పేజీ కనిపిస్తాయి. వచ్చినవాడు పది సెకన్లలో వెనక్కి పోతాడు.

రూపం మార్చడం అంటే రంగులు మార్చడమే అనుకుంటే ఏమవుతుందో, మాట మారిస్తే ఎంత కలవరం రేగుతుందో తెలుసుకోవాలంటే రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష వెబ్‌సైట్ కథ చదవాలి. పాత హోమ్‌పేజీలో రస్ట్‌ను ‘మహా వేగంగా నడిచే, మెమరీ తప్పులను అడ్డుకునే, థ్రెడ్ల భద్రతకు హామీ ఇచ్చే సిస్టమ్స్ ప్రోగ్రామింగ్ భాష’ అన్న అర్థంలో పరిచయం చేసేవారు. పక్కనే చిన్న కోడు నమూనా ఉండేది. 2018 డిసెంబరు 6న 1.31 వెర్షన్‌తో పాటు కొత్త సైటు వచ్చింది. ఇప్పుడది ‘నమ్మదగిన, సమర్థమైన సాఫ్ట్‌వేర్ కట్టే శక్తిని అందరికీ ఇచ్చే భాష’. కోడు నమూనా పోయింది. పాత సైటుకు ఉన్న ఇతర భాషల అనువాదాలు కొత్తదాంట్లోకి వెంటనే రాలేదు. ఏళ్ల తరబడి ఆ భాషను మోసినవాళ్లు గట్టిగానే నొచ్చుకున్నారు. తమకు తెలిసిన ఇంటికి ఎవరో తాళం మార్చేసినట్టు అనిపించింది వాళ్లకు. నా మటుకు నాకు కొత్త వాక్యమే సరైనదనిపిస్తుంది. పాత వాక్యం అప్పటికే ఆ విద్య తెలిసినవాళ్లను పిలిచింది, కొత్తది ఇంకా రానివాళ్లను పిలిచింది. కానీ అనువాదాలు లేకుండా తలుపు తెరవడం తప్పే. స్వచ్ఛందంగా రాత్రుళ్లు కూర్చుని అనువదించినవాళ్ల శ్రమ పక్కకు పోతే వాళ్లు మళ్లీ రావాలని ఎందుకు అనుకుంటారు? రీడిజైన్‌లో మొదటి పాఠం ఇదే. పాత సైటులో ఎవరి చెమట ఎక్కడ ఉందో తెలుసుకోకుండా దేన్నీ తీసేయకూడదు.

ఇక ఉద్యోగం సంగతి. మార్టిన్ కీరీ అనే డిజైనర్, టాంటాక్రుల్ పేరుతో యూట్యూబ్‌లో సంగీత సాఫ్ట్‌వేర్ల మీద విమర్శ వీడియోలు చేసేవాడు. 2019లో ఉచిత స్వరలేఖన సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్‌ను పట్టుకుని దాని లోపాలు ఒక్కొక్కటీ ఎత్తిచూపాడు. వెక్కిరించి ఊరుకోలేదు, ఎక్కడ ఏం మారిస్తే బాగుంటుందో కూడా చూపించాడు. ఆ ప్రాజెక్టువాళ్లు నొచ్చుకోకుండా ఆయన్నే డిజైన్ బాధ్యతలకు పిలిచారు. 2022 డిసెంబరులో విడుదలైన మ్యూజ్‌స్కోర్ 4 ఆ పని ఫలితమే. అందరికీ ఇలా జరుగుతుందని చెప్పను. కానీ పరిష్కారంతో పాటు వచ్చిన విమర్శకు ఓపెన్ సోర్స్‌లో దొరికే విలువ మరోచోట కష్టం.

మరి మీరెక్కడ మొదలుపెట్టాలి? మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎంచుకోండి. వీడియోలకు వీఎల్‌సీ కావచ్చు, బొమ్మలకు ఇంక్‌స్కేప్ కావచ్చు. అంత పెద్దవి భయపెడితే నలుగురైదుగురు నడుపుకునే చిన్న ప్రాజెక్టు వెతకండి, నిజానికి మీ అవసరం అక్కడే ఎక్కువ. దాని గురించి తెలియని ఐదుగురిని పట్టుకోండి. అక్క, హాస్టల్ రూమ్మేటు, కిరాణా కొట్టు బాబాయి ఎవరైనా సరే. సైటు తెరిచి ఇచ్చి, ఇది ఏం చేస్తుందనుకుంటున్నారు, దీన్ని దించుకోవాలంటే ఎక్కడ నొక్కుతారు అని అడగండి. మధ్యలో సాయం చేయొద్దు. వాళ్లన్న మాటలు ఉన్నవున్నట్టు రాసుకోండి. ఆ రెండు పేజీల కాగితానికి మీరు గీసే ఏ బొమ్మకూ లేని బలం ఉంటుంది.

ఆ తర్వాత చాలామంది కుర్రాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. నెల రోజులు గదిలో కూర్చుని సైటు మొత్తం ఫిగ్మా అనే డిజైన్ పనిముట్టులో కొత్తగా గీసి, ఇదిగో తీసుకోండి అని పంపిస్తారు. ప్రాజెక్టును చూసుకునే మెయింటెయినర్లు మర్యాదగా థాంక్స్ చెప్పి పక్కన పెడతారు. వాళ్లది పొగరు కాదు. ఆ బొమ్మను కోడుగా మార్చేదెవరు, రేపు మీరు వెళ్లిపోతే దాన్ని చూసుకునేదెవరు అన్నది వాళ్ల దిగులు. అందుకే చిన్నదానితో మొదలుపెట్టండి. హోమ్‌పేజీ మొదటి వాక్యం ఒక్కటే మార్చమని ప్రాజెక్టు పేజీలో ఒక ఇష్యూ, అంటే మార్పు కోరే నోటు, రాయండి. ఐదుగురిలో ముగ్గురికి ఇది అర్థం కాలేదని మీ దగ్గరున్న మాటలు జతచేయండి. అది ఒప్పుకున్నాక డౌన్‌లోడ్ బటన్ దగ్గరకు వెళ్లండి. చాలా సైట్లు హ్యూగో, జెకిల్ వంటి పనిముట్లతో నడుస్తాయి కాబట్టి కాస్త హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, గిట్ నేర్చుకుంటే మీ మార్పు మీరే పెట్టగలరు. ఆ మేరకు నేర్చుకోవడానికి ఒక సెలవుల కాలం చాలు.

లోగో పని దొరికితే రెండు విషయాలు మరిచిపోవద్దు. బ్రౌజర్ ట్యాబులో కనిపించే పదహారు పిక్సెళ్ల చదరంలోనూ, ఒకే రంగులో అచ్చేసినప్పుడూ అది గుర్తుపట్టేలా ఉండాలి. రెండోది లైసెన్సు. గిట్ లోగోను జేసన్ లాంగ్ క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఇచ్చాడు కాబట్టి, ఆయన పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు. ఫైర్‌ఫాక్స్ లోగో, పేరు విషయంలో అంత సులువు కాలేదు. ట్రేడ్‌మార్కు నిబంధనల మీద 2006లో మొజిల్లాకూ, డెబియన్ అనే లినక్స్ ప్రాజెక్టుకూ పొసగక, డెబియన్ ఆ బ్రౌజర్‌ను ‘ఐస్‌వీజిల్’ అని వేరే పేరుతో పంచాల్సి వచ్చింది. ఆ చిక్కు 2016 దాకా వీడలేదు. ఒక చిన్న బొమ్మ మీద పదేళ్లు.

తెలుగువాళ్లకు ఇక్కడ అదనపు బలం ఒకటుంది. ఒక సైటు తెలుగు పేజీ తెరిచి చూడండి. ఇంగ్లిష్ కొలతలతో వరసల మధ్య ఖాళీ పెట్టడం వల్ల ఒత్తులు కింది వరస గుణింతాలకు తగులుతుంటాయి. బటన్‌లో ఇంగ్లిష్ మాట ఇమిడిన చోట తెలుగు మాట రెండు వరసలవుతుంది. ఇది తెలుగు చదవగలిగిన కంటికే కనిపించే లోపం. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర వంటి ఫాంట్లు అందరూ వాడుకునేలా ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందాలు ఉన్నాయి. అనువాదంతో లోపలికి అడుగుపెట్టి, అక్కడి నుంచి డిజైన్ మాట్లాడటం మంచి దారి.

డబ్బు మాట కూడా చెప్పాలి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేయించే ఔట్‌రీచీ ఇంటర్న్‌షిప్‌లో డిజైన్, డాక్యుమెంటేషన్ పనులు కూడా ఉంటాయి. మూడు నెలలకు 7,000 డాలర్ల స్టైపెండ్ ఇస్తూ వచ్చింది. చదువుతున్నవాళ్లకు అర్హత నియమాలు కఠినంగా ఉంటాయి, దరఖాస్తుకు ముందే చదవండి. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది. 2022 నుంచి విద్యార్థులు కానివాళ్లకూ తలుపు తెరిచారు. కానీ అందులో కోడు తప్పనిసరి. డిజైన్‌నే చదువుగా తీసుకోవాలంటే ఐఐటీ హైదరాబాద్‌లో బీడెస్‌కు యూసీడ్, ఎండెస్‌కు సీడ్ రాయాలి. రెండు పరీక్షలనూ ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది.

ఇంటర్వ్యూలో పోర్ట్‌ఫోలియో తెరిచినప్పుడు అందమైన తెరలు అందరి దగ్గరా ఉంటాయి. ఎవరో ఒప్పుకోనప్పుడు మీరేం జవాబిచ్చారు, ఎక్కడ తగ్గారు, ఎందుకు తగ్గారు అన్నది చూపించగలిగేవాళ్లు తక్కువ. ఓపెన్ సోర్స్‌లో ఆ సంభాషణంతా తేదీలతో సహా అందరికీ కనిపించేలా మిగులుతుంది. మీ రెజ్యూమెలో ఆ లింకు పెట్టండి. ఈ ఆదివారం ఐదుగురిని కూర్చోబెట్టి, వాళ్లు చెప్పింది రాసుకోండి.