మెత్తని నేల – గట్టి పునాది



ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. జీడిపప్పు పని కూలి, పొదుపు సంఘం అప్పు, పుట్టింటివారు పెట్టిన బంగారం, అన్నీ కలిపితేగాని ఇల్లు లేవదు. అంత కష్టపడి కట్టిన గోడ మూడేళ్లకే పగిలితే? చాలాసార్లు తప్పు గోడది కాదు. దాని కింద ఉన్న నేలది.

మన నేల ఎలాంటిది?

పలాస, టెక్కలి వైపు చాలాచోట్ల ఎర్రనేల ఉంది. ఉద్దానం తీరంలో ఇసుక నేల ఉంది. సోంపేట దగ్గర బీల ఉంది. సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి దగ్గర తంపర భూములున్నాయి. బీల, తంపర అంటే నీరు నిలిచే పల్లపు నేలలు. చేపకు, పక్షికి, పైరుకు అవి మంచివే. ఇంటికి మాత్రం మంచివి కావు. పల్లంలో పైన మట్టి పోసి చదును చేసినా, కింద బురద బురదగానే ఉంటుంది.

నేల ఎందుకు దిగుతుంది?

దమ్ము చేసిన మడిలో కాలు పెడితే పిక్కదాకా దిగుతుంది కదా! బురదలో మట్టి రేణువుల మధ్య నీరు ఉంటుంది. పైన బరువు పడితే ఆ నీరు మెల్లగా పక్కకు పోతుంది. మట్టి అణుగుతుంది. ఇల్లంతా ఒకేలా దిగితే గోడకు పెద్ద దెబ్బ తగలదు. ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ దిగితే గోడ పగులుతుంది.

ఇటలీ దేశంలో పీసా అనే ఊరుంది. అక్కడ 1173లో ఒక గోపురం కట్టడం మొదలుపెట్టారు. ఒక పక్క నేల మరీ మెత్తన. మూడో అంతస్తుకు వచ్చేసరికే గోపురం ఒరిగింది. నేటికీ ఒరిగే ఉంది. గోపురమైనా, మన రెండు గదుల ఇల్లయినా నేల న్యాయం ఒక్కటే.

ముందు నేలను చూడండి

ఎండాకాలంలో బురదనేల కూడా పైకి రాయిలా కనిపిస్తుంది. మోసపోకండి.

1. ఊరి పెద్దలను అడగండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు ఈ స్థలంలో నీరు ఎంత ఎత్తున నిలిచింది? ఎన్నాళ్లు నిలిచింది?

2. మొక్కలను చూడండి. జమ్ము, తుంగ గుబురుగా ఉంటే అది నీరు నిలిచే చోటు.

3. రెండు మూడు చోట్ల నాలుగైదు అడుగుల గొయ్యి తీయించండి. కింద బురద ఉందా? నీరు ఊరుతోందా? ఇసుకనేలలో గొయ్యి అంచులు కూలుతాయి. ఒంటరిగా దిగకండి. పిల్లలను దగ్గరకు రానివ్వకండి.

పునాది ఎలా వేయాలి?

మెత్తని పొర లోతు తక్కువైతే దాన్ని తీసేయాలి. గట్టి నేల మీదే పునాది వేయాలి. గొయ్యి నింపాలంటే మంచి ఇసుక గాని, గ్రావెల్ గాని వాడాలి. ఒకేసారి పోయకూడదు. ఆరేసి అంగుళాల పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టాలి.

పునాది అడుగు వెడల్పుగా ఉండాలి. బురదలో పలక వేసి నిలబడితే కాలు దిగదు. బరువు పరుచుకుంటుంది. పునాది వెడల్పు చేసేది కూడా అదే పని.

గోడల కింద చుట్టూ ఇనుప ఊచలతో కాంక్రీటు బెల్టు వేయాలి. అది నాలుగు గోడలనూ కలిపి పట్టుకుంటుంది.

బురద బాగా లోతుగా ఉంటే మామూలు పునాది చాలదు. గట్టి నేల అందేదాకా పైల్స్ దించాలి. పైల్స్ అంటే నేలలోకి దించే కాంక్రీటు స్తంభాలు. అది ఇంజనీరు చెప్పి చేయించాల్సిన పని. ఖర్చు ఎక్కువ. వీలైతే వేరే స్థలం అడగడమే మేలు.

సముద్రపు ఇసుక ఊరికే దొరుకుతుందని కాంక్రీటులో కలపకండి. అందులోని ఉప్పు ఊచలను తుప్పు పట్టిస్తుంది. ఉప్పునీరు కూడా పనికిరాదు.

మన పని ఏమిటి?

ఇంటిస్థలం పట్టా ఆడవారి పేరనే ఇస్తారు. ఆ కాగితం మీద ఉన్నది మన పేరు. కాబట్టి చూసుకోవలసిందీ మనమే. గోడ వంకర అందరికీ కనిపిస్తుంది. పునాది మట్టిలో కప్పేశాక ఎవరికీ కనిపించదు. కప్పకముందే దగ్గర నిలబడండి. టేపు పట్టి లోతు, వెడల్పు కొలవండి. కాగితం మీద రాసుకోండి. "ఇంత చాలులే అమ్మా" అని మేస్త్రి అంటే, "ఎందుకు చాలు?" అని అడగండి. అనుమానం ఉంటే మండలంలో హౌసింగ్ ఇంజనీరును పిలవండి. చదువు నేర్చుకున్నది ఇందుకే కదా!

లెక్క చేయండి

గోడ వెడల్పు 9 అంగుళాలు. పునాది అడుగు వెడల్పు 3 అడుగులు, అంటే 36 అంగుళాలు. పునాది గోడకు ఎన్ని రెట్లు?
జవాబు: 4 రెట్లు. అంటే గోడ బరువు నాలుగు రెట్ల నేల మీద పరుచుకుంటుంది.

జవాబులు రాయండి

1. మీ ఊరిలో నీరు నిలిచే స్థలాలు ఏవి?
2. గోడ ఎప్పుడు పగులుతుంది?
3. పునాదిని ఎప్పుడు కొలవాలి?