మైదానం నడుమ నిలిచిన చిన్న మనిషి: కట్రీనా గోరీ

ఫుట్‌బాల్ మ్యాచ్ అయిపోయాక ఎవరినైనా అడగండి, గోల్ కొట్టినవాళ్ళ పేరు చెబుతారు. బంతిని ఆపిన గోల్‌కీపర్ పేరు కూడా చెబుతారు. మధ్యలో తొంభై నిమిషాలు పరుగులు తీసిన మనిషి పేరు మాత్రం చాలామందికి గుర్తుండదు. ఈ వ్యాసం అలాంటి మనిషి గురించి. పేరు కట్రీనా గోరీ. ఆస్ట్రేలియా మహిళల జాతీయ జట్టులో మిడ్‌ఫీల్డర్. 1992 ఆగస్టు 13న బ్రిస్బేన్ నగరంలో పుట్టింది. ఎత్తు ఐదడుగులకు కాస్త పైన. అందుకే జట్టులో అందరూ ఆమెను ‘మినీ’ అని పిలుస్తారు.

మిడ్‌ఫీల్డర్ పని ఏమిటి?

మన హాస్టల్లో వాలీబాల్ ఆడే మిత్రులకు ఇది తేలికగా అర్థమవుతుంది. స్మాష్ కొట్టినవాడికి చప్పట్లు పడతాయి. కానీ ఆ బంతిని సరిగ్గా లేపి ఇచ్చేవాడు లేకపోతే స్మాష్ ఎక్కడిది? ఫుట్‌బాల్‌లో మిడ్‌ఫీల్డర్ పని కొంత అలాంటిదే, కాకపోతే బరువు ఇంకా ఎక్కువ. మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉంటుంది. ఒక పక్క మన రక్షణ, మరో పక్క మన దాడి. ఈ రెండింటినీ కలిపేది నడుమ నిలబడేవాళ్ళు. ఎదుటివాళ్ళ కాలి దగ్గర బంతి లాక్కోవాలి, లాక్కున్న మరుక్షణమే ఎవరికి ఇవ్వాలో తేల్చుకోవాలి, ఇచ్చాక మళ్ళీ ఖాళీ జాగాలోకి పరుగెత్తాలి. ఇలా ఒక్కో మ్యాచ్‌లో పది కిలోమీటర్లకు పైగా పరుగు అవుతుంది. స్కోరు కార్డులో ఇదంతా ఎక్కడా రాయరు.

చిన్న మనిషి ఈ పని ఎలా చేస్తుందని అనుమానం రావచ్చు. గోరీ ఆట చూస్తే ఆ అనుమానం ఉండదు. బంతి తన దగ్గరికి రాకముందే తల తిప్పి నాలుగు వైపులా చూసుకుంటుంది. పొడుగువాళ్ళు వంగి తిరిగేలోపల ఆమె తిరిగిపోయి ఉంటుంది. నన్నడిగితే ఆమె అసలు బలం కాళ్ళలో కన్నా ఆ చూపులోనే ఉంది.

ఆసియాలో మొదటి స్థానం

ఆస్ట్రేలియా ఆసియా ఖండంలో లేదు కదా, ఆసియా పోటీల్లో ఎందుకు ఆడుతుంది అని మీకు సందేహం కలగవచ్చు. 2006లో ఆ దేశం ఓషియానియా సమాఖ్యను వదిలి ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్యలో చేరింది. గట్టి జట్లతో ఆడితేనే ఆట పెరుగుతుందన్నది ఒక కారణం. 2014 మే నెలలో వియత్నాంలో జరిగిన ఆసియా కప్ సెమీఫైనల్లో దక్షిణ కొరియా మీద ఆస్ట్రేలియా 2-1 తేడాతో గెలిచింది. అందులో మొదటి గోల్ గోరీదే. ఫైనల్లో జపాన్ చేతిలో 0-1తో ఓడిపోయారు. అయినా ఆ ఏడాది ఆసియా ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం గోరీకే వచ్చింది. అప్పటికి ఆమె వయసు 22 ఏళ్ళు.

మరుసటి ఏడాది కెనడాలో ప్రపంచకప్. అక్కడ బ్రెజిల్‌ను 1-0తో ఓడించారు. ప్రపంచకప్ నాకౌట్ దశలో ఆస్ట్రేలియా గెలిచిన మొదటి మ్యాచ్ అది. అప్పటివరకు ఆ దేశపు పురుషుల జట్టుకు కూడా అది సాధ్యపడలేదు.

ఇంత పేరు తెచ్చిన జట్టుకు ఇచ్చిన జీతం ఎంతనుకుంటున్నారు? జాతీయ జట్టు ఒప్పందం విలువ ఏడాదికి సుమారు 21,000 ఆస్ట్రేలియా డాలర్లు. అక్కడి ధరల్లో దానితో బతకడం కష్టం. పైగా పాత ఒప్పందం గడువు తీరిపోయి ఆ డబ్బూ ఆగిపోయింది. 2015 సెప్టెంబరులో క్రీడాకారిణులందరూ ఒక్కమాట మీద నిలబడి అమెరికాకు వెళ్ళవలసిన పర్యటనకు వెళ్ళమన్నారు. ఆ పర్యటన రద్దయింది. ఆ వాదన నెమ్మదిగా ఫలించింది. 2019 నవంబరులో కుదిరిన ఒప్పందంతో జాతీయ జట్ల వ్యాపార ఆదాయంలో మహిళలకూ పురుషులకూ సమాన వాటా వచ్చింది. ప్రపంచకప్ బహుమతి సొమ్ములో మాత్రం తేడా పోలేదు. 2022 పురుషుల కప్‌కు 44 కోట్ల డాలర్లు, 2023 మహిళల కప్‌కు 11 కోట్ల డాలర్లు. సరిగ్గా నాలుగో వంతు!

గోరీ ఇన్ని దేశాల్లో ఎందుకు ఆడిందన్నదానికి జవాబు కూడా చాలావరకు ఇందులోనే ఉంది. ఆస్ట్రేలియాలో మహిళల లీగ్ కొన్ని నెలలే నడిచేది. మిగతా నెలలకు వేరే దేశం చూసుకోవాలి. బ్రిస్బేన్ రోర్ ఆమె సొంత ఊరి జట్టు. దానితోపాటు అమెరికా, జపాన్, నార్వే, స్వీడన్, ఇంగ్లండు క్లబ్బులకు ఆడింది. జపాన్‌లో సెండాయ్ జట్టు, అమెరికాలో యూటా జట్టు. పెట్టె సర్దడం, విప్పడం, కొత్త భాష, కొత్త తిండి. సెలవులకు ఇంటికి వెళ్ళి మళ్ళీ ట్రంకుపెట్టెతో హాస్టలుకు వచ్చే మనకు ఆ బాధ కొంతైనా తెలుసు.

బెలో హొరిజోంతెలో ఒక కిక్

2016 ఫిబ్రవరి 29న జపాన్‌లోని ఒసాకాలో ఒలింపిక్ అర్హత పోటీలు. జపాన్ అంటే అప్పటికి అంతకుముందు ఏడాది ప్రపంచకప్ ఫైనల్ ఆడిన జట్టు. దాన్ని దాని సొంత గడ్డ మీద ఆస్ట్రేలియా 3-1తో ఓడించింది. మూడో గోల్ గోరీ వేసింది. అలా రియో ఒలింపిక్స్‌కు చేరారు.

2016 ఆగస్టు 12 రాత్రి, బెలో హొరిజోంతె నగరంలో బ్రెజిల్‌తో క్వార్టర్ ఫైనల్. స్టేడియం అంతా బ్రెజిల్ జనమే. 120 నిమిషాలు ఆడినా ఒక్క గోల్ లేదు. ఇక పెనాల్టీ షూటౌట్.

ఇక్కడ కొంచెం లెక్క చూద్దాం. పెనాల్టీ కిక్ 11 మీటర్ల దూరం నుంచి కొడతారు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు సుమారు 27.8 మీటర్లు. 11ను 27.8తో భాగించండి, 0.4 సెకను వస్తుంది. అంత తక్కువ వ్యవధిలో చూసి దూకడం మనిషికి కష్టం, కాబట్టి గోల్‌కీపర్ చాలాసార్లు ముందే ఊహించి ఒక పక్కకు దూకుతుంది. ఒక్కో జట్టు ఐదేసి కిక్‌లు కొడుతుంది. అప్పటికీ సమానంగా ఉంటే ఒక్కొక్క కిక్ చొప్పున, ఎవరో ఒకరు తప్పేదాకా సాగుతుంది. లెక్క ప్రకారం కొట్టేవాళ్ళకే వీలు ఎక్కువ. అందుకే తప్పితే సిగ్గు కూడా కొట్టినవాళ్ళకే ఎక్కువ.

బ్రెజిల్ ఐదో కిక్ మార్తా కొట్టింది. మహిళల ఫుట్‌బాల్‌లో అంత పేరున్న మనిషి మరొకరు లేరు. ఆమె కిక్‌ను ఆస్ట్రేలియా గోల్‌కీపర్ లిడియా విలియమ్స్ ఆపేసింది. అప్పటికి ఆస్ట్రేలియా నాలుగింటికి నాలుగూ కొట్టింది. ఐదోది పడితే సెమీఫైనల్ ఖాయం. కొట్టడానికి వచ్చింది గోరీ. బ్రెజిల్ గోల్‌కీపర్ బార్బరా దాన్ని ఆపింది. షూటౌట్ ఇంకా సాగి, చివరికి 7-6తో బ్రెజిల్ గెలిచింది. ఆస్ట్రేలియాలో అప్పటికే ఆగస్టు 13వ తేదీ. అది గోరీ పుట్టినరోజు.

ఆ ఓటమి ఆమె ఒక్కదాని వల్ల రాలేదు. 120 నిమిషాల్లో గోల్ వేయలేకపోయింది జట్టంతా. తరువాత ఇంకో కిక్ కూడా ఆగిపోయింది. కానీ జనం గుర్తుపెట్టుకునేది మొదటి కిక్‌నే. గెలుపు చేతిదాకా వచ్చింది అక్కడే కదా.

హార్పర్

తిండి గురించి, ఒంటి ఆకారం గురించి బెంగ తనను చాలాకాలం పీడించిందని గోరీ తరువాత దాచుకోకుండా చెప్పింది. ఆటమీద ఇష్టం సన్నగిల్లిన రోజులూ ఉన్నాయి. అలాంటి సమయంలో ఆమె ఒంటరిగానే తల్లి కావాలని నిశ్చయించుకుంది. ఐ.వి.ఎఫ్. పద్ధతిలో 2021 ఆగస్టులో కూతురు హార్పర్ పుట్టింది. ఇక ఆట ముగిసినట్టేనని అనుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. 2022లో ఆమె మళ్ళీ బూట్లు కట్టి, ఆ తరువాత పసిపిల్లను వెంటబెట్టుకుని స్వీడన్ వెళ్ళింది. అక్కడ విట్‌షో అనే క్లబ్బుకు ఆడింది. ఆ ఊరి జనాభా రెండు వేలు కూడా ఉండదు. బిడ్డను మోసిన తరువాత తన ఒంటి మీద తనకు గౌరవం పెరిగిందని ఆమె చెప్పిన మాట, అద్దం ముందు నిలబడి బాధపడే పిల్లలందరూ వినదగినది.

జాతీయ జట్టు శిబిరాలకు హార్పర్ కూడా తల్లితో వచ్చేది. పిల్లలున్న క్రీడాకారిణులకు ఆ వీలు కల్పించడం కూడా వాళ్ళ సంఘటిత పోరాటం తెచ్చిన ఫలితమే.

బ్రిస్బేన్‌లో ఇంకో కిక్

2023లో మహిళల ప్రపంచకప్‌ను ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి నిర్వహించాయి. గోరీ తనకన్నా పదేళ్ళు చిన్నదైన కైరా కూనీ-క్రాస్‌తో కలిసి నడుమ ఆడింది. కైరా ముందుకు వెళితే గోరీ వెనక కాపలా ఉండేది. నైజీరియా చేతిలో ఓడినా, కెనడా మీద 4-0తోను, డెన్మార్క్ మీద 2-0తోను గెలిచి క్వార్టర్ ఫైనల్‌కు వచ్చారు. ఎదుట ఫ్రాన్స్. తేదీ ఆగస్టు 12. బెలో హొరిజోంతె మ్యాచ్ జరిగి సరిగ్గా ఏడేళ్ళు. స్థలం గోరీ సొంత ఊరు బ్రిస్బేన్. స్టేడియంలో 49,461 మంది.

మళ్ళీ 120 నిమిషాలు, మళ్ళీ 0-0, మళ్ళీ షూటౌట్. ఐదేసి కిక్‌లు అయ్యేసరికి 3-3. అందులో ఆస్ట్రేలియా ఐదో కిక్ గోల్‌కీపర్ మెకెంజీ ఆర్నాల్డ్ కొట్టింది. అది పడి ఉంటే అక్కడితో గెలుపే, కానీ స్తంభానికి తగిలింది. ఆరో జతలో ముందు ఫ్రాన్స్ గోల్ వేసింది. ఇప్పుడు ఆస్ట్రేలియా తప్పితే ఇంటికే. ఆ కిక్‌కు నడిచి వచ్చింది గోరీ. రియోలో ఆమె కొట్టవలసింది గెలుపు కిక్, ఇక్కడ బతికి బయటపడే కిక్. బంతి వల లోపల పడింది.

తరువాత షూటౌట్ పదో జత దాకా వెళ్ళింది. ప్రపంచకప్ చరిత్రలో అంత పొడుగు షూటౌట్ అప్పటివరకు జరగలేదు. చివర్లో కోర్ట్‌నీ వైన్ కొట్టిన కిక్‌తో ఆస్ట్రేలియా 7-6తో గెలిచింది. అదే అంకె, ఈసారి ఇటువైపు. మరుసటి రోజు పత్రికల్లో వైన్ ఫోటో, ఆర్నాల్డ్ ఫోటో వచ్చాయి. రావలసిందే. ఆరో కిక్ గురించి ఒక వాక్యం రాస్తే గొప్ప.

సెమీఫైనల్లో ఇంగ్లండు 3-1తో ఓడించింది. 2024 జనవరిలో గోరీ ఇంగ్లండు లీగులోనే వెస్ట్ హామ్ క్లబ్బుకు వెళ్ళి, ఆ తరువాత దానికి కెప్టెన్ అయింది. దేశం తరఫున నూరు మ్యాచ్‌ల మైలురాయి కూడా దాటింది.

ఫ్రాన్స్‌తో ఆడిన ఆ మ్యాచ్ వీడియో దొరికితే ఒక పని చేయండి. మొదటి పది నిమిషాలు బంతిని వదిలేసి, నడుమ ఉన్న ఆ పొట్టి మనిషి ఒక్కదాన్నే చూడండి. ఎన్నిసార్లు తల తిప్పి చూసుకుంటుందో లెక్కపెట్టి, సాయంత్రం గ్రౌండ్‌లో మీరూ అలా చూసుకుంటూ ఆడి చూడండి.